హాంకాంగ్‌లో నేల ఎవరిది?

హాంకాంగ్‌లో ఒక ఫ్లాటు కొనుక్కోవడానికి జీవితమంతా సంపాదించినా చాలని కుటుంబాలు లక్షల్లో ఉన్నాయి. ఎలాగో కొనుక్కున్నా, దాని కింద ఉన్న నేల వారిది కాదు. ఆ మాటకొస్తే అక్కడి నేల ఏ వ్యక్తిదీ కాదు, ఏ కంపెనీదీ కాదు, సర్కారుది. ఆకాశాన్నంటే బ్యాంకు భవనాలవారు, వేల కోట్లకు పడగలెత్తిన బిల్డర్లు, కొండ మీద బంగళాలున్న కోటీశ్వరులు అందరూ కౌలుదార్లే. మినహాయింపుగా ఎప్పుడూ చెప్పే పేరు ఒక్కటే, సెయింట్ జాన్స్ కెథీడ్రల్. 1847లో ఆ చర్చి స్థలాన్ని శాశ్వత హక్కుతో రాసిచ్చారు. అదీ అక్కడ చర్చి నడిచినంత కాలమే.

స్వేచ్ఛా వాణిజ్యానికి పుణ్యక్షేత్రంగా పేరుపడ్డ ఊళ్లో భూమి మొత్తం ప్రభుత్వపరం కావడం వింతే. హాంకాంగ్ గురించి మన పత్రికల్లో వచ్చే వివరణలు సాధారణంగా ‘ఒకే దేశం, రెండు వ్యవస్థలు’ అన్న నినాదంతో మొదలవుతాయి. అవి సగం దారి తీసుకెళ్లి వదిలేస్తాయని నా అభిప్రాయం. అక్కడి పన్నులు, ఎన్నికలు, ధనవంతులు, ఇరుకు గదులు, చివరికి చైనాలో విలీనమైన తీరు కూడా నేల దగ్గర మొదలుపెడితేనే ఒకదానితో ఒకటి ముడిపడతాయి.

బ్రిటిషువారు హాంకాంగ్‌ను ఒకేసారి తీసుకోలేదు. మన దేశంలో పండిన నల్లమందును చైనాలో అమ్ముకోవడం కోసం చేసిన యుద్ధం తర్వాత, 1842 నాన్‌జింగ్ ఒప్పందంతో హాంకాంగ్ దీవి శాశ్వతంగా వారి చేతికొచ్చింది. 1860లో ఎదురుగా ఉన్న కౌలూన్ ద్వీపకల్పపు కొస దక్కింది, అదీ శాశ్వతంగానే. 1898లో ఈ రెండింటి వెనక ఉన్న పల్లెలు, పొలాలు, కొండలు, రెండు వందలకు పైగా దీవులను 99 ఏళ్ల కౌలుకు తీసుకుని న్యూ టెరిటరీస్ అని పేరు పెట్టారు. మొత్తం 1,100 చదరపు కిలోమీటర్ల చిల్లరలో పదింట దాదాపు తొమ్మిది వంతులు ఈ కౌలు భూమే. గడువు 1997 జూన్ 30. నాన్‌జింగ్ ఒప్పందం ఇంకా కుదరకముందే, 1841 జూన్‌లోనే, తీరం వెంట స్థలాలకు వేలం పెట్టేశారు. కొన్నవారిలో పార్సీ వ్యాపారులూ ఉన్నారు. అక్కడ సర్కారు అనే పదార్థం చేసిన మొట్టమొదటి పనుల్లో ఒకటి నేలను వేలం వేయడం. ఆ అలవాటు నేటికీ పోలేదు.

1970ల చివరికి ఈ గడువు గుండె దడగా మారింది. ఇల్లు కొనేవారికి బ్యాంకులిచ్చే అప్పు పదిహేను, ఇరవై ఏళ్లది. న్యూ టెరిటరీస్‌లో సర్కారు ఇచ్చిన కౌలు పత్రాలేమో అసలు కౌలు కంటే మూడు రోజులు ముందే, 1997లోనే ముగిసిపోతాయి. మరి 1982 దాటాక బ్యాంకు ఏ ధైర్యంతో అప్పిస్తుంది? 1979 మార్చిలో గవర్నర్ మెక్లెహోస్ బీజింగ్ వెళ్లి ఈ చిక్కును చైనా అధినాయకుడు డెంగ్ జియావోపింగ్ ముందు పెట్టాడు. కౌలు పత్రాల సంగతిగా కదిపితే సార్వభౌమత్వం జోలికి పోకుండానే పని జరిగిపోతుందని ఆయన లెక్క. ఆ లెక్క తప్పింది. హాంకాంగ్ చైనాదేనని డెంగ్ స్పష్టం చేశాడు, పెట్టుబడిదారులు మాత్రం మనసు కుదుటపరచుకోవచ్చన్నాడు. గవర్నర్ తిరిగొచ్చి జనానికి ఆ రెండో సగమే వినిపించాడు.

తర్వాత 1982 సెప్టెంబరులో బ్రిటన్ ప్రధాని మార్గరెట్ థాచర్ బీజింగ్ వెళ్లడం, ఏళ్ల తరబడి చర్చలు. 1983 సెప్టెంబరులో చర్చలు చెడుతున్నాయన్న భయంతో హాంకాంగ్ డాలరు కుప్పకూలి, జనం దుకాణాల మీద పడ్డారు. అక్టోబరు 17న అమెరికా డాలరుకు 7.80 చొప్పున కట్టేసి దాన్ని నిలబెట్టారు. ఆ ముడి ఇప్పటికీ విప్పలేదు. 1984 డిసెంబరు 19న సంతకాలైన బ్రిటన్-చైనా ఉమ్మడి ప్రకటనలో మూడో అనుబంధం మొత్తం భూమి గురించే. 1997 దాకా ఏడాదికి 50 హెక్టార్లకు మించి కొత్త భూమి ఇవ్వకూడదు (పేదల ఇళ్లకు ఇచ్చేది ఈ లెక్కలోకి రాదు), వచ్చిన సొమ్ములో సగం రాబోయే ప్రభుత్వం కోసం దాచిపెట్టాలి. ఖాళీ చేసి వెళ్లే పాత యజమాని ఉన్నదంతా అమ్ముకుని డబ్బు పట్టుకుపోతాడేమోనన్న అనుమానం ఆ నిబంధనల్లో కనిపిస్తుంది.

1997 జులై 1న హాంకాంగ్ చైనాలో ‘ప్రత్యేక పాలనా ప్రాంతం’ అయింది. రక్షణ, విదేశాంగం బీజింగ్‌వి. మిగిలినవాటిలో దానికున్న వేరుతనం చాలా పెద్దది: సొంత కరెన్సీ, సొంత పాస్‌పోర్టు, సొంత కస్టమ్స్ సరిహద్దు, బ్రిటిష్ కామన్ లా, విదేశీ న్యాయమూర్తులూ కూర్చునే తుది అప్పీళ్ల కోర్టు, ప్రపంచ వాణిజ్య సంస్థలో విడి సభ్యత్వం, ఒలింపిక్స్‌లో విడి జట్టు. బళ్లలో, వీధుల్లో కాంటనీస్. అక్కడ పన్నుగా వసూలైన డబ్బులో బీజింగ్ ఒక్క డాలరు కూడా తీసుకోదు. వీటన్నిటికీ ఆధారం 1990లో చైనా జాతీయ ప్రజా కాంగ్రెస్ ఆమోదించిన మౌలిక చట్టం. పెట్టుబడిదారీ విధానం యాభై ఏళ్లు మారదన్నది దాని అయిదో అధికరణం. భూమి చైనా రాజ్యానిది, నిర్వహణ హాంకాంగ్ ప్రభుత్వానిది అన్నది ఏడోది. కానీ ఆ చట్టంలో ఏ వాక్యానికి ఏ అర్థమో చెప్పే తుది అధికారం 158వ అధికరణం ప్రకారం బీజింగ్‌లోని ఆ కాంగ్రెస్ స్థాయీ సంఘానిది. తాళంచెవి హాంకాంగ్ చేతిలో ఉంది, కానీ తాళం మార్చే హక్కు ఇంటి యజమానిది.

ఇక డబ్బు సంగతి. హాంకాంగ్‌లో అమ్మకం పన్ను లేదు, జీఎస్టీ వంటిదేదీ లేదు. షేర్ల లాభం మీద, డివిడెండ్ల మీద పన్ను లేదు. వారసత్వ పన్నును 2006లో తీసేశారు. కంపెనీల లాభాల మీద 16.5 శాతం, జీతాల మీద ఎంత పెద్ద జీతగాడికైనా 15, 16 శాతం దగ్గరే ఆగుతుంది. ఇంత తక్కువ పన్నులతో సొరంగాలు, వంతెనలు, ఆసుపత్రులు ఎలా కట్టారు? స్థలాలు వేలం వేసి. 2023 ఆగస్టులో కోకాపేటలో ఎకరం వంద కోట్లు పలికినప్పుడు తెలంగాణ ప్రభుత్వానికి కలిగిన ఆనందం మనకు తెలుసు. హాంకాంగ్ ప్రభుత్వానికి అలాంటి ఆనందం దశాబ్దాల తరబడి దినచర్య. 2017-18లో భూమి మీద వచ్చిన ప్రీమియమే (కౌలుకిచ్చేటప్పుడు ముందుగా తీసుకునే సొమ్ము) 16,000 కోట్ల హాంకాంగ్ డాలర్లు దాటింది, మొత్తం రాబడిలో నాలుగో వంతుకు పైనే. ఆ డబ్బు మూలధన పనుల నిధిలోకి వెళ్లి కట్టడాలకే ఖర్చవుతుంది. మెట్రో రైలుదీ ఇదే సూత్రం. కొత్త మార్గం వేసే సంస్థకు స్టేషన్ల మీద, పక్కన ఉన్న స్థలాన్ని రైలు రాకముందున్న ధరకు ఇస్తారు. రైలు వచ్చాక పెరిగిన ధర మీద కట్టిన ఫ్లాట్లు, మాల్స్ పట్టాల ఖర్చు తీరుస్తాయి. హైదరాబాద్ మెట్రో ఒప్పందంలో స్టేషన్ల దగ్గర వాణిజ్య స్థలాల హక్కు కలపడం వెనక ఉన్న ఆలోచన కూడా ఈ జాతిదే. అయితే హాంకాంగ్‌లో నేలంతా సర్కారుదే కాబట్టి అది పండింది.

ఇందులోని మెలిక చూడండి. భూమి ధర ఎంత పెరిగితే ఖజానాకు అంత లాభం. ధర తగ్గేటన్ని స్థలాలు అమ్మకానికి పెడితే ఖజానా నష్టపోతుంది, బిల్డర్లు నష్టపోతారు, ఇల్లు కొనుక్కున్న మధ్యతరగతి కూడా గగ్గోలు పెడుతుంది. పన్ను తక్కువ అని అందరూ మెచ్చుకునే ఊళ్లో అసలు పన్ను ఇంటి అద్దెలో, వాయిదాలో, హోటల్లో తాగే టీ ధరలో కలిసిపోయి ఉంటుంది. రసీదు ఇవ్వరు, అంతే తేడా.

‘అక్కడ స్థలం లేదు కదా’ అనేది పాక్షిక సత్యం. కట్టడాలున్నది మొత్తం నేలలో సుమారు నాలుగో వంతులోనే. నలభై శాతం 1976 చట్టం కింద రక్షణ పొందిన అడవులు, కొండలు. అది మంచి పనే, వాటిని ముట్టుకోమని నేననను. కానీ న్యూ టెరిటరీస్‌లో బిల్డర్లు ఏనాడో కొని పడావు పెట్టిన పొలాలు వందల హెక్టార్లున్నాయి. పైగా అక్కడి పల్లెల్లో మగపిల్లవాడిగా పుట్టడమే ఒక ఆస్తి. 1898 నాటికి గుర్తింపు ఉన్న గ్రామంలో నివసించిన వ్యక్తికి మగ వరుసలో వారసుడైతే, జీవితంలో ఒకసారి మూడంతస్తుల ఇల్లు, అంతస్తుకు 700 చదరపు అడుగుల చొప్పున, కట్టుకోవడానికి దరఖాస్తు పెట్టవచ్చు. 1972లో వలస ప్రభుత్వం పల్లెల పెద్దలను మంచి చేసుకోవడానికి పెట్టిన ఈ తాత్కాలిక ఏర్పాటును 2021లో తుది అప్పీళ్ల కోర్టు కూడా సమర్థించింది. ఆడపిల్లలకు ఈ హక్కు లేదు. ఆ పల్లెల సంఘమైన హుంగ్ యీ కుక్‌కు చట్టసభలో ఒక సీటు కూడా ఉంది.

కొద్దిమంది మహా సంపన్నులు ఈ ఏర్పాటులోంచే పుట్టారు. ప్లాస్టిక్ పువ్వులు తయారుచేసి అమ్మిన లీ కా-షింగ్ 1967 అల్లర్లప్పుడు భయపడినవారు అగ్గువకు అమ్ముకున్న ఆస్తులను కొని ఎదిగాడు, 1979లో బ్రిటిష్ కంపెనీ హచిసన్‌ను చేజిక్కించుకున్నాడు. ఇంకో మూడు నాలుగు కుటుంబాలదీ ఇంచుమించు ఇదే బాట. సర్కారు పెద్ద పెద్ద స్థలాలను వేలానికి పెడితే కొనగలిగేది వారే. ఇళ్ల మీద వచ్చిన డబ్బుతో వారు విద్యుత్తు, గ్యాస్, బస్సులు, కిరాణా గొలుసు దుకాణాలు, ఫోన్లలోకి విస్తరించారు. దీన్ని హాంకాంగ్ జనం ‘స్థిరాస్తి పెత్తనం’ అని పిలుచుకుంటారు.

అయితే కథకు రెండో ముఖం ఉంది. అదే సర్కారు ఆసియాలోని అతి పెద్ద ఇళ్ల యజమానుల్లో ఒకటి. 1953 క్రిస్మస్ రాత్రి షెక్ కిప్ మే గుడిసెల్లో మంటలు లేచి 50 వేలకు పైగా జనం వీధిన పడ్డారు. వారిలో అత్యధికులు కమ్యూనిస్టు చైనా నుంచి పారిపోయి వచ్చినవారు. వారి కోసం కట్టిన బ్లాకుల్లో పెద్దవారికి తలకు 24 చదరపు అడుగులు, నీళ్ల కుళాయి, మరుగుదొడ్డి ఉమ్మడి. అక్కడ మొదలైన పని 1970లలో మెక్లెహోస్ హయాంలో షా టిన్, ట్యూన్ మున్ వంటి కొత్త పట్టణాలుగా విస్తరించింది. ఇప్పుడు 75 లక్షల జనాభాలో దాదాపు సగం ప్రభుత్వం అద్దెకిచ్చిన ఇళ్లలోనో, రాయితీ మీద అమ్మిన ఇళ్లలోనో ఉంటారు. ఈ చవక ఇళ్లు లేకపోతే ఫ్యాక్టరీలకు అంత తక్కువ కూలికి మనుషులు దొరికేవారు కారు. ఉదారవాద ఆర్థిక వ్యవస్థ అని పాఠ్యపుస్తకాలు పొగిడేటప్పుడు ఈ సంగతిని ఎందుకు దాటేస్తాయో నాకు అర్థం కాదు.

ఇల్లు హాంకాంగ్ భాషలోకి కూడా ఎక్కింది. మొదటి ఫ్లాటు కొనడాన్ని కాంటనీస్‌లో ‘బండి ఎక్కడం’ అంటారు. ప్రభుత్వ ఇల్లు దక్కడం ‘మేడ ఎక్కడం’. బండి అందనివారు, మేడ కోసం అయిదారేళ్లు వరుసలో నిలబడ్డవారు పాత భవనాల్లో ఒక ఫ్లాటును నాలుగైదు ముక్కలు చేసిన గదుల్లో ఉంటారు. 2021 లెక్కల్లో అలాంటివారు రెండు లక్షలకు పైనే. పొయ్యి పక్కనే మరుగుదొడ్డి, మంచమే బల్ల. ఇలాంటి గది కనీసం 8 చదరపు మీటర్లు ఉండాలని ప్రభుత్వం చట్టం చేసింది 2025లో. ఇరుకు వీరితో ఆగదు. ఫిలిప్పీన్స్, ఇండొనేషియాల నుంచి వచ్చిన మూడున్నర లక్షలకు పైగా ఇంటి పనివారు యజమాని ఇంట్లోనే ఉండి తీరాలన్నది నిబంధన. ఎన్నేళ్లు పనిచేసినా వారికి శాశ్వత నివాసం రాదని 2013లో కోర్టు తేల్చింది. సొంత గది లేని ఆ స్త్రీలు ఆదివారం సెలవు రోజున సెంట్రల్ ప్రాంతంలో బ్యాంకు భవనాల నీడన అట్టపెట్టెలు పరుచుకుని కూర్చుంటారు. నగరంలోని అతి ఖరీదైన నేల వారంలో ఒక రోజు వారిదవుతుంది.

ఇంత అసంతృప్తి ఓట్లుగా మారకుండా ఎలా నిలిచింది? అక్కడే ప్రభుత్వ నిర్మాణం చూడాలి. 1985లో బ్రిటిషువారు చట్టసభకు తొలిసారి ఎన్నికలు పెట్టినప్పుడే వృత్తులకు, వ్యాపారాలకు సీట్లు కేటాయించారు. బ్యాంకులకు అప్పుడే, స్థిరాస్తి-నిర్మాణ రంగానికి, బీమాకు తర్వాతి ఏళ్లలో, విడివిడిగా. వీటిలో కొన్నిటికి మనుషులు కాదు, కంపెనీలు ఓటేస్తాయి. చైనా ఈ ఏర్పాటును సంతోషంగా అందుకుంది. బీజింగ్‌కు కావలసింది స్థిరత్వం, వ్యాపారులకు కావలసింది మారని నియమాలు, ఇద్దరికీ సార్వజనీన ఓటు హక్కంటే జంకు. ప్రభుత్వాధినేతను ఎన్నుకునేది ఎన్నికల కమిటీ. ఇప్పటిదాకా వచ్చిన అయిదుగురు వరసగా ఓడల వ్యాపారి, సివిల్ సర్వెంటు, స్థిరాస్తి సర్వేయరు, మళ్లీ సివిల్ సర్వెంటు, పోలీసు అధికారి. మొదటివాడైన తుంగ్ చీ-హ్వా 1997లో ఏడాదికి 85 వేల ఫ్లాట్లు కడతానన్నాడు. అదే ఏడాది ఆసియా ఆర్థిక సంక్షోభం వచ్చి ధరలు కూలాయి, 2003లో సార్స్ వ్యాధి నాటికి చాలామందికి ఇంటి విలువ కంటే బ్యాంకు అప్పే ఎక్కువైంది. తర్వాత ఇళ్లు ఎక్కువ కట్టాలన్న మాట ఎత్తడానికి చాలా ఏళ్లు ఏ అధికారీ సాహసించలేదు. మూడోవాడైన సర్వేయరు ల్యూంగ్ చున్-యింగ్ 2014లో విదేశీ విలేకరులతో తెరిచి చెప్పేశాడు: అంతా తలల లెక్కే అయితే నెలకు 1,800 అమెరికా డాలర్ల లోపు సంపాదించే సగం జనం కోసమే రాజకీయం నడుస్తుందని. ఆ మాట అన్నప్పుడు వీధుల్లో సార్వజనీన ఓటు కోసం గొడుగుల ఉద్యమం నడుస్తోంది. అది 79 రోజులు సాగింది.

2019లో నిందితులను చైనాకు అప్పగించే వీలు కల్పించే బిల్లు మీద లేచిన ఉద్యమం ఇంకా పెద్దది. ఆ నవంబరులో జిల్లా మండళ్ల ఎన్నికలకు 71 శాతం మంది ఓటేసి, 18 మండళ్లలో 17 ప్రతిపక్షానికి అప్పగించారు. ఈ కోపానికి బీజింగ్ చెప్పుకున్న కారణం ఇళ్లు. అధికార పత్రికలు హాంకాంగ్ బిల్డర్ల దురాశను తిట్టిపోశాయి. దెబ్బకు ఒక పెద్ద సంస్థ ముప్పై లక్షల చదరపు అడుగుల పొలం ఇస్తున్నట్టు ప్రకటించింది. ఇక్కడ నా వాదనకే నేను అడ్డం చెప్పుకోవాలి. ఉద్యమకారుల అయిదు డిమాండ్లలో ఇల్లు లేదు. బిల్లు ఉపసంహరణ, ‘అల్లరిమూక’ ముద్ర తొలగింపు, అరెస్టయినవారి విడుదల, పోలీసుల మీద స్వతంత్ర విచారణ, సార్వజనీన ఓటు, అంతే. నేల చాలా విషయాలు వివరిస్తుంది కానీ మనుషులు తమ మాట చెల్లాలని కోరుకోవడాన్ని చదరపు అడుగుల్లోకి మార్చలేం. ఆ మార్పిడి బీజింగ్‌కు అనుకూలమైంది గనుక చేసింది.

జవాబు 2020 జూన్ 30 రాత్రి 11 గంటలకు జాతీయ భద్రతా చట్టం రూపంలో వచ్చింది. 2021లో చట్టసభను 90 సీట్లకు పెంచి, జనం నేరుగా ఎన్నుకునేవి 20కి కుదించారు, అభ్యర్థులకు ‘దేశభక్తి’ వడపోత పెట్టారు. ఆ డిసెంబరులో ఓటేసింది 30 శాతం. ప్రజాస్వామ్యవాదుల పక్షాన నిలిచిన ‘యాపిల్ డైలీ’ పత్రిక మూతపడింది. తమ అభ్యర్థులను ఎంచుకోవడానికి సొంతంగా ప్రాథమిక ఎన్నిక జరుపుకున్న నేరానికి 2024లో ప్రతిపక్షానికి చెందిన 45 మందికి జైలుశిక్ష పడింది. లక్షన్నరకు పైగా జనం బ్రిటన్ వెళ్లిపోయారు. స్వయంప్రతిపత్తి ఇప్పుడు చీలిపోయిన పదం. కరెన్సీలో, పన్నుల్లో, వాణిజ్య తగాదాల కోర్టుల్లో అది చాలావరకు నిలిచే ఉంది, రాజకీయంలో పేరుకే మిగిలింది. బిల్డర్ల పలుకుబడి కూడా ఎన్నికల కమిటీలో కొంత తగ్గించారు. దాని స్థానంలోకి వచ్చింది మాత్రం జనం కాదు.

ఇంతలో పాత యంత్రమే మొరాయించింది. కరెన్సీ అమెరికా డాలరుకు కట్టేసి ఉంది కాబట్టి వడ్డీ రేట్లు కూడా అమెరికావే. 2008 తర్వాత అక్కడ వడ్డీ అడుగంటితే ఇక్కడ ఫ్లాట్ల ధర కొండెక్కి, ఒక దశలో సగటు ఇంటి ధర సగటు కుటుంబపు ఇరవై ఏళ్ల ఆదాయం దాటింది. 2022లో అమెరికా వడ్డీ పెంచగానే ధరలు జారాయి, శిఖరం నుంచి దాదాపు ముప్పై శాతం దాకా. వేలాలకు వచ్చేవారు కరవయ్యారు. 2023-24లో భూమి ప్రీమియం 2,000 కోట్ల హాంకాంగ్ డాలర్ల లోపే, ఆరేళ్ల క్రితం వచ్చినదానిలో ఎనిమిదో వంతు. బడ్జెట్ వరసగా లోటులో పడింది. జనం వారాంతాల్లో సరిహద్దు అవతలి చైనా నగరం షెన్‌జెన్ వెళ్లి తక్కువ ధరకు తిని, కొనుక్కుని వస్తున్నారు. ప్రభుత్వం ఆ షెన్‌జెన్ సరిహద్దులోనే 25 లక్షల మందికి ఉత్తర మహానగరం కడతానంటోంది. కట్టడానికి డబ్బు ఎక్కడిదంటే మళ్లీ నేల వైపే చూడాలి.

2025 నవంబరు 26న తాయ్ పో ప్రాంతంలోని వాంగ్ ఫుక్ కోర్ట్‌లో మంటలు లేచాయి. 1980లలో ప్రభుత్వం రాయితీ మీద అమ్మిన ఫ్లాట్ల సముదాయం అది, ‘బండి ఎక్కిన’ సామాన్యుల చోటు. మరమ్మతుల కోసం చుట్టూ వెదురు పరంజా, వల కట్టి ఉన్నాయి. 150 మందికి పైగా చనిపోయారు. 1953 మంట తర్వాత వలస ప్రభుత్వం ఇళ్లు కట్టింది. ఈ మంట తర్వాత స్వతంత్ర విచారణ కోరుతూ సంతకాలు సేకరించిన ఒక కాలేజీ కుర్రవాణ్ని అరెస్టు చేశారని వార్తా సంస్థలు రాశాయి. ఆ తర్వాత ప్రభుత్వమే ఒక న్యాయమూర్తి ఆధ్వర్యంలో విచారణ సంఘాన్ని వేసింది.

యాభై ఏళ్ల హామీ 2047లో తీరుతుంది. ఇది మన పత్రికల్లో తరచూ కనిపించే తేదీ. 2024 జులైలో అమల్లోకి వచ్చిన ఒక చట్టం మాత్రం ఎక్కడా పెద్దగా వార్త కాలేదు. గడువు తీరబోయే కౌలు పత్రాలను, ప్రత్యేక ప్రయోజనాలకు ఇచ్చినవి వంటివి తప్ప, అది వాటంతట అవే మరో యాభై ఏళ్లకు పొడిగిస్తుంది. అదనపు ప్రీమియం అక్కర్లేదు. 2047 జూన్ 30తో ముగిసే పత్రాలూ అందులోకే వస్తాయి. అంటే 2097 దాకా. 1979లో మెక్లెహోస్ బీజింగ్ దాకా మోసుకెళ్లిన ప్రశ్నకు ఈసారి హాంకాంగ్ చట్టసభలోనే జవాబు దొరికింది. రెండు వ్యవస్థల విధానాన్ని మార్చవలసిన అవసరమే లేదని షీ జిన్‌పింగ్ 2022 జులై 1న హాంకాంగ్ వచ్చినప్పుడు అన్నారు, కానీ దానికి ఇలాంటి పత్రమేదీ రాయలేదు. ముప్పై ఏళ్ల గృహరుణానికి ఈరోజు సంతకం పెట్టే దంపతులను బ్యాంకు అడిగేది కౌలు పత్రం గురించే.